మా అమ్మ గడ్డపార పట్టిన రోజు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో మా వంటింట్లో పట్టపగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. మట్టి మిద్దె, మూరెడు మందం రాతిగోడలు. కిటికీ అన్నదే లేదు. పొగ పోవాలన్నా, వెలుతురు రావాలన్నా పైకప్పులో గవాచి అనే జానెడు బొక్క ఒక్కటే దారి... వానొస్తే దాని మీదా బండ పెట్టేసేవాళ్లు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో చదువుకొని వచ్చిన మా చిన్నాయన, ఇల్లంతా పడగొట్టి సిమెంటు మిద్దె కడదామనేవాడు. తన తండ్రి కట్టిన ఇంట్లో ఒక్క రాయి కూడా కదలనివ్వనని మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ల నాయన, భీష్మించుకున్నాడు. మా నాయన ఇద్దరి మధ్యా నోరు మెదిపేవాడు కాదు. రెండేళ్లు... వసారాలో రోజూ అదే వాదన.

లోపల మా అమ్మ ఆ మాటలు వింటూ సంగటి కెలికేది. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. నంద్యాల కంటి డాక్టరు, పొగలో ఇట్లాగే ఉంటే చూపు పోతుందన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. అందరూ విన్నారు. కాసేపాగి మళ్లీ మొదలు... సిమెంటా, రాయా అని.

నాకు ఎనిమిదేళ్లు. ఒకరోజు పొద్దున మగవాళ్లు చేనికి పోయాక, అమ్మ గిన్నెలన్నీ బయట పెట్టించింది. కొంగు నడుముకు బిగించి, గడ్డపారతో తూర్పు గోడకు ఒక పోటు వేసింది. ఊడిన రాళ్లు నేను పెరట్లోకి మోశాను... భయంతోనే.

తలకాయంత బొక్క పడేసరికి జేజినాయన వచ్చేశాడు. ఎవరు చెప్పారో!

"ఏంది నువ్వు చేస్తాండేది? ఇల్లు కూలిపోతాది."

అమ్మ గడ్డపార దించలేదు. "దూలాలు ఈ గోడ మీద లేవు మామా. గోడలు కట్టే బేల్దారిని అడిగినాకనే గడ్డపార పట్టుకున్యా. ఇల్లు ఉంచుతారో పడగొడతారో మీరు తేల్చుకోండి. నాకు మాత్రం ఈడ కిటికీ కావల్ల."

జేజినాయన వంటింట్లోకి అడుగుపెట్టడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ బొక్కలోంచి పడిన ఎండలో, తాళ్లలా వేలాడుతున్న మసి చూశాడు. అమ్మ కళ్లు చూశాడు. తర్వాత తలగుడ్డ తీసి గడప మీద పెట్టాడు.

"పక్కకు జరుగమ్మా... ఆ పైరాయి నీతో కాదు."

సాయంత్రానికి చిన్నాయన కూడా చెయ్యేశాడు. వారంలో బేల్దారి వచ్చి కిటికీ నిలబెట్టాడు. మర్నాడు అమ్మ దీపం లేకుండా కూర్చుని మెంతికూర తరిగింది... మధ్యమధ్యలో ఆకు పైకెత్తి రంగు చూసుకుంటూ, తనలో తనే నవ్వుకుంటూ.

ఇల్లు పడలేదు. సిమెంటు వంటింటి నేలకు మాత్రం వచ్చింది. ఏడాది తిరక్కుండా మా వీధిలో ఇంకో నాలుగిళ్ల గోడలకు కిటికీలు పడ్డాయి. ఆడవాళ్లు పిలిస్తే అమ్మ పోయి, ముందు దూలం యాడుందో చూసుకోమని చెప్పి వచ్చేది. డెబ్బై దాటాక కూడా సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

ఇప్పుడు ఆ మట్టి మిద్దెలు దాదాపు లేవు... ఫోటోలు కనిపిస్తే నాకూ మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ ఫోటోల కింద కట్టించిన తాతల పేర్లే ఉంటాయి. మా అమ్మ పేరు వెంకటసుబ్బమ్మ. మీ ఇళ్లల్లో అట్లాంటి ఆడవాళ్లుంటే... కింద కామెంట్లలో వాళ్ల పేర్లు రాయండి.