సెంటు వాసనల రూమ్

ఒమాన్‌లో, ఘాలా లేబర్ క్యాంపులో మా రూమ్‌లో ఉన్నంత సువాసన ఏ షేకు ఇంట్లోనూ ఉండేది కాదు. ఎనిమిది మందిమి, అందరం కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లం, సెంటు తాగేవాళ్లం. పూసుకోవడం కాదు, తాగడమే. మందు పర్మిట్ ఆఫీసర్లకే ఇచ్చేవారు. సిమెంటు మోసేవాడికి దాహం ఉండదని ఎవరో తేల్చినట్టున్నారు. అందుకని కిరాణా కొట్లో చవకరకం సెంటు కొని కూల్ డ్రింకులో కలుపుకునేవాళ్లం. శుక్రవారం సెలవు గడిచి, శనివారం పొద్దున కంపెనీ బస్సు ఎక్కుతుంటే పఠాన్ డ్రైవర్ గట్టిగా వాసన పీల్చి, తెలుగువాళ్లు ఎంత శుభ్రమైన మనుషులో అని మెచ్చుకునేవాడు. మేం సిగ్గులేకుండా పొంగిపోయేవాళ్లం.

మా అందరికీ పెద్ద మేస్త్రన్న. ప్లాస్టరింగులో ఆయన కన్నే రసమట్టం. గోడను ఓరగా చూసి, "రెండు నూళ్లు లేసింది, గీకు" అనేవాడు. కొలిస్తే సరిగ్గా పావు అంగుళమే తేలేది. ఆ కన్ను ఉంది కాబట్టే కంపెనీ ఆయన్ని వదిలేది కాదు, ఊళ్లో ఆయన పిల్లలిద్దరూ బడికి పోయేవారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇబ్రి నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు లేబుల్ లేని మందు సీసా ఒకటి ఇచ్చిపోయాడు. పెద్దరికానికి మర్యాదగా దాన్ని మొత్తం మేస్త్రన్నకే సమర్పించాం. నాకు ఆ రోజు విరేచనాలు, ఏదీ ముట్టలేదు. దాన్ని నిగ్రహమని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను.

మర్నాడు సైట్‌లో, మాడు పగిలే ఎండలో, ఆయన గోడ ముందు నిలబడి, "ఏంది తమ్మీ, ఇయ్యాల గింత మంచు వడుతుంది?" అన్నాడు. ఒమాన్‌లో మంచట! పడీ పడీ నవ్వాం. ఆయన మాత్రం గోడ తడుముతున్నాడు.

సాయంత్రం రూమ్‌కి రాగానే, "దవాఖానకు పోదాం పా" అన్నాడు. పదో తరగతి పాసైన పాపానికి ఆ రూమ్‌లో డాక్టరూ వకీలూ నేనే.

"దవాఖానల వాసన వట్టిన్రంటే పోలీసులొస్తరన్నా. నిన్నొక్కన్నే గాదు, రూమ్ మొత్తాన్ని ఇండియాకు తోలుతరు. నిమ్మకాయ నీళ్లు తాగి పండు, దిగుతది" అన్నాను.

అందరూ తలలూపారు. మా తెలివి తెల్లారినట్టే ఉంది! రెండు రోజులు నిమ్మకాయలు పిండాం. చెరోపక్క పట్టుకుని ఆయన్ని బస్సెక్కించి డ్యూటీకి తీసుకెళ్లాం. ఫోర్‌మన్ వస్తుంటే చేతికి తాపీ అందించాం. మేస్త్రన్న దాన్ని గోడ మీద ఉత్తినే ఆడించేవాడు.

మూడో రోజు తన చెయ్యి తనకు కనబడటం లేదన్నాడు. అప్పుడు కదిలాం.

ఆస్పత్రిలో గుంటూరు వైపు నర్సమ్మ ఒకావిడ ఉంది. డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి వెళ్లాక, "ఇక చూపు రాదండీ" అని మెల్లగా చెప్పింది. వెంటనే మా మీద విరుచుకుపడింది.

"మొదటి రోజే తీసుకొస్తే ఏదో ఒకటి చేసేవాళ్లం కదండీ! కల్తీ మందు తాగొచ్చినవాళ్లు మాకు కొత్తా? అసలీయన్ని ఎవరండీ ఆపింది?"

మేస్త్రన్న నా గొంతు కోసం కాసేపు ఆగాడు. అది రాకపోయేసరికి, నర్సమ్మ అటు ఉందనుకుని గోడవైపు తిరిగి, "ఎవ్వలాపలే అమ్మా. నేనే పోనన్న" అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది.