ఆ జవాబుకు సున్నా వేసింది నేనే

పదకొండేళ్లుగా ఒక సున్నా నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

పిల్లల తెలివిని పరీక్షించి అంకె వేయడం నా ఉద్యోగం. కళ్యాణదుర్గం దగ్గర ఒక బడిలో, చదువులో వెనకబడిందని ఒక తొమ్మిదేళ్ల పిల్లను నా ముందు కూర్చోబెట్టారు. అంకె డెబ్బైకి తగ్గితే ఉంచుకోబోమని బడివాళ్లు ముందే చెప్పారు.

"వాన వస్తే ఏం చేస్తావు?" అని పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడిగాను.

"మా నాయన గొర్రు కడతాడు సార్. నేను విత్తనాలు ఎత్తుకపోతా."

పుస్తకం ఒప్పుకునే జవాబులు రెండే. గొడుగు వేసుకుంటాను, లేదా ఇంట్లోకి వెళ్తాను. ఏ ఊళ్లో కూర్చుని రాశారయ్యా ఆ పుస్తకం? నాలుగు చినుకులు పడితే ఊరంతా గొర్రుతో విత్తడానికి చేలోకి పరిగెత్తే ఈ సీమలో, ఇంట్లోకి దూరే పిల్లే తెలివైనదా? పట్నం పిల్లల్ని చూసి తయారుచేసిన కొలతతో వీళ్లను కొలవడానికి మాకు సిగ్గుండక్కర్లేదా? ఇదంతా ఆ క్షణంలోనే అనుకున్నాను. అనుకుంటూనే సున్నా వేశాను. అంకె అరవై తొమ్మిది వచ్చింది.

వారం తర్వాత వాళ్లమ్మ నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చింది.

"మా పాప సంతలో లెక్క తప్పదు సార్. ఇంగొక తూరి అడిగి సూడండప్పా."

"ఏడాది దాకా మళ్లీ పెట్టకూడదమ్మా. రూలు ఒప్పుకోదు."

"ఆ రూలు పెట్టినోళ్లు మీరే కదా సార్?"

రూలు నిజమే. ప్రశ్నలు గుర్తుంటాయి కాబట్టి వెంటనే పెడితే ఆ అంకెను నమ్మలేం. కానీ మాటలతో పనిలేని బొమ్మల పరీక్ష ఒకటి నా బీరువాలోనే ఉంది. తీయలేదు. తీస్తే మొదటి అంకె తప్పని తేలుతుంది, నా పేరు పోతుంది. అంతే, అదొక్కటే కారణం. పైగా రిపోర్టులో 'నమ్మదగిన పరీక్ష' అని రాశాను. ఎన్నిసార్లు పెట్టినా ఇంచుమించు అదే అంకె వస్తుందని దానర్థం. దొంగ తూకంరాయి కూడా ఎన్నిసార్లు తూచినా ఒకే బరువు చూపిస్తుంది. ఆ మాత్రం నాకు తెలియదా?

పిల్లను బడి నుంచి పంపేశారు. ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్డులో దారాలు కత్తిరిస్తోందట. పని తక్కువదని కాదు. వేరే దారి ఆ పిల్లకు మిగల్చలేదు.

ఆ పుస్తకం మీద నాకు కోపం. బడి మీద కోపం. పెన్ను పట్టుకున్న ఈ చేతి మీద ఇంకా కోపం. క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇది రాశాక ప్రాణం కాస్త తెరిపిన పడింది, సిగ్గు లేకుండా.

ఆ పిల్లకు తెలివి తక్కువ కాదు. నాకు ఆ రోజే తెలుసు.