మణికట్టుకు వల తాడు

మెదక్‌లో మా ఇంటి ముందుగదిలో నేను ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. పోయిన వానాకాలం ఒక పొద్దున బోర్డు మీద ‘క్యాచ్’ అని రాసి, దాని కింద గ్రాబ్, స్నాచ్, సీజ్, ట్రాప్ అని వరసగా రాస్తున్నాను. పిల్లలు ఇంకా రాలేదు. మా తమ్ముడు గడప మీద కూర్చుని విసురు వలకు పడ్డ చిరుగులు కుడుతున్నాడు.

“ఒక్క పట్టుడుకు గన్ని మాటలెందుకక్కా?” అన్నాడు.

నాకు పంతులమ్మ పొగరు కాస్త ఎక్కువే. ఎగిరొచ్చే బంతిని పట్టుకుంటే క్యాచ్ అన్నాను. బస్సు అందుకున్నా, జలుబు అంటుకున్నా అదే మాట. పక్కవాడి ప్లేటులో బజ్జీ చటుక్కున తీసుకుంటే గ్రాబ్. మెడలో గొలుసు తెంపుకుపోతే స్నాచ్. కాగితాల్లేని బండిని పోలీసులు తీసుకుపోతే సీజ్. ఎలుక బోనులో పడితే ట్రాప్.

“నాకు చాపలు పట్టుడొక్కటి చాలు తియ్యి,” అని నవ్వాడు.

వాడు బైకుల మెకానిక్. వాన పడి షెడ్డు నడవకపోతే ఏడుపాయల దిక్కు మంజీర నదికి పోతాడు. కొత్త నీళ్లకు చేప ఎదురెక్కుతుంది. వల మా నాన్నది. విసురు వల వేసేవాళ్లు దాని తాడు కొసను మణికట్టుకు కట్టుకుంటారు, విసిరాక వల చేజారకుండా. మామూలు నీళ్లలో ఫరవాలేదు. వరదలో కొట్టుకొచ్చే మొద్దు వలలో పడితే మాత్రం మొద్దుతో పాటు మనిషీ పోతాడు. నాన్న వరదప్పుడు వల ముట్టేవాడే కాదు. తమ్ముడికి వల వచ్చింది గాని ఆ భయం రాలేదు.

“తాడు చేతికి కట్టుకోకురా తమ్మీ. నీళ్లు గుంజితే ఇడిసిపెట్టు,” అన్నాను.

“ఇడిసిపెడ్తే నాయిన వల పోదా? నువ్వు పరేషాన్ గాకు,” అని వీధిలో ఎదురుచూస్తున్న దోస్తును బండెక్కించుకొని పోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పిల్లలు వచ్చి వాక్యాలు చదువుతుండగా వీధిలో ఆటో మైకు వినబడింది. “పైన డ్యాము గేట్లు తీసిండ్రు. మంజీర దిక్కు ఎవ్వలు పోవద్దు.” బోర్డు మీది మాటలన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి. నేను చెప్పిన ఉదాహరణల్లో పట్టేవాడు ఎప్పుడూ మనిషే. నీళ్లు మనిషిని పట్టుకుంటే ఏ మాట వాడాలో చెప్పనేలేదు. పిల్లలను ఇంటికి పొమ్మన్నాను.

మధ్యాహ్నం వాడి దోస్తు తడి బట్టలతో వచ్చాడు. “దవాఖానల ఉన్నడక్కా, బతికిండు,” అన్నాడు. వలలో తుమ్మ మొద్దు పడిందట. తాడు తమ్ముణ్ని మెడలోతు దాకా ఈడ్చుకుపోయింది. తడిసి బిగిసిన ముడి ఊడకపోతే, దోస్తు ఈదుకుంటూ పోయి చేపలు కోసే కత్తితో తాడు తెంపాడు. వల పోయింది. నాన్న వస్తువే అయినా పీడ పోయిందని సంబరపడ్డాను, దాచుకోను. తాడు కోసుకుపోయిన తమ్ముడి ఎడమ చేతి వేళ్లకు మాత్రం అప్పటినుంచీ పట్టు లేదు.

ఈ ఏడు తొలి వానలకు వాడు కొత్త నైలాన్ వల తెచ్చాడు. దోస్తు ఇక తోడు రానన్నాడు. ఈ పొద్దున తాడు ముక్క ఒకటి పట్టుకొని నా ముందు కూర్చున్నాడు. దాని కొసకు షెడ్డులో తానే చేసుకున్న కొక్కెం ఉంది, నది దగ్గర వలకు తగిలించడానికి.

“ఈ వేళ్లతోని తాడు పట్టుకునుడు అయితలేదక్కా. కట్టుకోక తప్పదు. జర ముడెయ్యి,” అని ఎడమ చెయ్యి చాపాడు.

“నా చేతులతోని కట్టాల్నారా?” అని అరిచాను. తిట్టాను, ఏడ్చాను. చాపిన చెయ్యి తియ్యలేదు. చివరికి, గుంజితే ఊడిపోయేలా ఒక ముడి వేశాను.

వాడు ఒకసారి గుంజి చూశాడు. ఊడింది. నా ముఖంలోకి చూశాడు. ఒక కొస పళ్లతో పట్టుకొని, కుడిచేత్తో తానే బిగించుకున్నాడు. తర్వాత బండి తీశాడు.

అప్పుడు తొమ్మిది. ఇప్పుడు నాలుగవుతోంది. మనసు నిలవక ఇది రాస్తున్నాను. వాడు ఇంకా రాలేదు.