కొండపల్లి బొమ్మలతో స్క్వేర్ డాన్స్

జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లోకి చలికాలం సాయంత్రాలు ఎవరైనా కాఫీ కప్పుతో, మంచుకు తడిసిన ఉన్ని కోటుతో ఎక్కితే చాలు, ఆ రెండు వాసనలూ కలిసి నన్ను నేను పెరిగిన నోవై ఊళ్ళోని ఓ పాత చర్చి హాలుకు లాక్కుపోతాయి.

అమ్మకు శుక్రవారాలు హాస్పిటల్‌లో సాయంత్రం షిఫ్టు, నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని బడి కాగానే నేను పక్కింటి సూర్యం అంకుల్, విజయ ఆంటీల పిల్లనైపోయేదాన్ని. పిల్లల్లేని ఆ ఇద్దరికీ స్క్వేర్ డాన్స్ అంటే ప్రాణం. అమెరికా వచ్చిన మొదటి చలికాలం, ఇంట్లోనే కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆఫీసులో ఎవరో బలవంతాన తీసుకెళితే, ఇక జన్మంతా వదల్లేదు. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడితే, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని ఎటు తిరగాలో మైకులో పాటలా చెప్పేవాణ్ణి కాలర్ అంటారు. అంకుల్ ఆ కాలర్ అయ్యాడు. కార్ల కంపెనీలో నోరు విప్పని మనిషి, మైకు పట్టుకుంటే గోదావరి యాస ఇంగ్లీషుతో తెల్లవాళ్ళందరినీ గిరగిరా తిప్పేసేవాడు.

శుక్రవారం సాయంత్రాలు చర్చి హాల్లో జరిగే డాన్స్ క్లబ్బులో చెప్పబోయేదాన్ని ముందు డైనింగ్ టేబుల్ మీద కొండపల్లి బొమ్మల్ని జంటలుగా నిలబెట్టి, పైకి చెబుతూ నడిపించి చూసుకునేవాడు. జరపడం నా పని. ఆంటీ క్లబ్బు వాళ్ళకోసం పులిహోర కలుపుతూ, ఇంగువ పోపు ఘాటు ఇల్లంతా కమ్ముకుంటుంటే, అటు తిరిగి ఉండే వినేది.

“ఆవిణ్ణి ఎటు పంపించారండీ, గోడలోకా?” అనేది. చూస్తే నిజంగానే గొల్లభామ టేబుల్ అంచున ఉండేది.

ఊరందరినీ జంటలు కలిపి ఆడించే ఆయన తన భార్యతో మాత్రం ఆడలేడు, మైకు దగ్గర ఉండాలి కదా. దీపం కిందే చీకటి. పట్టుచీర అంచు కుట్టిన గౌను వేసుకుని, జోడీ రాని ఏ ముసలాయనతోనో ఆంటీ నవ్వుతూ ఆడేది. ఏడాదికొక్కసారి, మంచు కరిగే రోజుల్లో, క్లబ్బు బయటినుంచి ఒక కాలర్‌ని పిలిపించేది. ఆ ఒక్క సాయంత్రం అంకుల్, ఆంటీ కలిసి ఆడేవారు. దానికోసం ఆవిడ ఏడాదంతా ఎదురుచూసేది.

నేను మూడో తరగతిలో ఉండగా, ఆ సాయంత్రమే నాకు జ్వరం ముంచుకొచ్చింది. వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు, పాట మొదలైంది, నేను కోట్లు తగిలించే చోట భళ్ళున కక్కేశాను. ఆంటీ ఆయన చెయ్యి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఎవరో పెద్దావిడ నన్ను చూసుకుంటానంది గాని, నేను ఆంటీ గౌను పిడికిట్లోంచి వదల్లేదు. ముగ్గురం ఇంటికొచ్చేశాం. వచ్చే ఏడు ఉందిగా అని కార్‌లో అంకులే అన్నాడు.

ఆ వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది గాని, ఎడమకాలు పడిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎత్తు స్టూలు మీద కూర్చుని కాలింగ్ చెప్పాడు. ఆంటీ ఆయన కళ్ళెదుటే ఇంకెవరితోనో ఆడింది. నన్ను ఎవరూ ఒక్క మాటనలేదు, అదే నన్ను కోసేది.

ఇప్పుడు అంకుల్ లేడు. చతురస్రానికి చాలినంత మంది దొరక్క క్లబ్బు మూతపడింది. హాలు జిమ్ అయింది. పోయిన నెల నోవై వెళ్ళినప్పుడు, వంటింట్లో ఆంటీతో అనేశాను, ఆ సాయంత్రం నావల్లే పాడైందని. అదేం మాటే, పిచ్చిపిల్లా అంటుందనుకున్నాను. ఆవిడ పొయ్యి ఆపి ఇటు తిరిగింది.

“నిన్నేం అనుకోలేదమ్మా, చిన్నదానివి. కానీ ఆ ఒక్క డాన్సూ మాకు దక్కి ఉంటే బాగుండేది,” అంది.

తర్వాత నాకు కంచం పెట్టి, వేడన్నంలో నెయ్యి వేసింది. తల వంచుకుని తిన్నాను.