సీతాఫలం కండ్లు

ఆమెను నేను దొంగ అనుకున్నానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా రాసుకోలేదు.

ఖానాపూర్ నుంచి నిర్మల్ పోయే బస్సులో ఆ పెద్దామె నా పక్కన కూర్చుంది. కాళ్ల దగ్గర సీతాఫలాల గంప. నిజాం కాలం నాటిదేమో అనిపించే ఆ బస్సుకు తలుపు లేదు. గుంతల్లో ఎగిరినప్పుడల్లా నా చేతిసంచి మెట్ల వైపు జారుతోంది. మా అవ్వకు కూడా చూపించని నా డైరీ అందులోనే ఉంది. కాసేపటికి చూస్తే, సంచి పిడి ఆమె గంప తాడుకు ముడివేసి ఉంది. దిగేటప్పుడు గంపతో పాటు లాక్కుపోతుందనుకున్నాను. ఆమె చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు.

"దీన్ని సీతపండని ఎందుకంటరో ఎరుకేనా బిడ్డా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"సీతమ్మ ఎటు పోయినా లోకం కండ్లన్నీ ఆమె మీదనేనాయె. అడవిల గీ చెట్టుకు పాణం ఆగలే. గా కండ్లన్నీ తన పండు తోలు మీదికి తీసుకున్నది. మా అవ్వ చెప్తుండె."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ కథ లేదు. అబద్ధాలు కూడా చెబుతుందనుకున్నాను.

మామడ దగ్గర ఆమె లేచింది. నేను సంచిని గట్టిగా పట్టుకున్నాను. ఆమె వంగి, ముడి విప్పి, సంచిని నా ఒళ్లోకి జరిపి, దాని మీద మెత్తటి పండొకటి పెట్టింది.

"మెట్లకెల్లి కింద పడుతదని కట్టిన. చూసింది చాలు గని, జర తిను బిడ్డా."