ఆకుల కింద దుంపలు

రిటైరై ఏళ్లు గడిచినా కొండమీది ఊరి తోట మీంచి పెద్దమాలి చూపు మళ్లలేదు. ఇప్పుడు ఆయన ఉద్యోగంలో ఆయన కూతురే ఉంది.

ఆయన కాలంలో చలి ముదరకముందే డాలియా పూలమొక్కల దుంపలు తవ్వి, మట్టి దులిపి, ఇసుక పెట్టెల్లో పడుకోబెట్టేవారు. ఆపైన ఎండుకాడలు కోసి, ఆకులు ఊడ్చి, మడిని లోతుగా తిరగేసేవారు. మట్టికి తల దువ్వి పాపిడి తీసినట్టుండేది. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా వాకిలి మాత్రం అద్దంలా ఉండాలనుకునేవాళ్లు ఏ దేశం వెళ్లినా కనిపిస్తారు. పెద్దమాలిది ఆ జాతి.

కూతురి పద్ధతి వేరు. కాడలు అలాగే నిలబెట్టి, మడి మీద దట్టంగా ఎండుటాకులు కప్పించింది.

ఓ పొద్దున సైకిల్ షాపువాడు అంటించాడు. “ఏం బాబాయ్, తోటకి గడ్డం పెంచుతున్నారా? కూతురికి పని నేర్పలేదా, నీకే రాదా?”

నలుగురూ నవ్వారు. పెద్దమాలికి తల కొట్టేసినట్టయింది. తిన్నగా తోటకెళ్లి, ఎవరూ రాకముందే ఆకులు ఊడ్చాడు, కాడలు మొదలంటా కోశాడు, పార దించాడు. రెండు దెబ్బలకే కసుక్కుమంది. తెల్లగా రెండుగా చీలిన దుంప.

ఆయన లెక్కలో దుంపలు ఈపాటికి పెట్టెల్లో ఉండాలి. ఆకులు వాటికి దుప్పటనీ, కాడలు వాటి ఆనవాళ్లనీ అప్పటికి తట్టింది. ఆ ఆనవాళ్లు తనే కోసేశాడు. పైగా ఆ రాత్రికే గడ్డకట్టే చలి రానుంది. ఆ ముదురెరుపు డాలియాలు కూతురు విత్తనం నుంచి ఏళ్లతరబడి సాకినవి.

పనివాళ్లతో కూతురు వచ్చింది.

“ఎవరమ్మా ఈ ఘనకార్యం?” అన్నాడొకడు.

ఆమె నాన్న చేతిలో పార చూసింది. మొహం చూసింది. “నేనే తవ్వమన్నా. ఎలా ఉన్నాయో చూద్దామని.”

“చూశాంగా, రెండేసి ముక్కలున్నాయి!”

నవ్వు ఆమె మీద పడింది. తన మీద పడ్డ నవ్వుకి ఇందాక పెద్దమాలి ఎంత ఉడుక్కున్నాడో! ఇది అంతకంటే లోతుగా దిగింది.

“అమ్మాయికి తెలీదురా. నేనే తవ్వాను. నా బుద్ధి గడ్డి తింది” అన్నాడు. గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది.

ఎవరూ నవ్వలేదు. “సర్లే నాన్నా, చీకటి పడేలోపు కప్పేద్దాం” అంది కూతురు.

అక్కడున్న సగంమందికి పార పట్టడం నేర్పిన మనిషి చేతినిండా ఆకులెత్తి, తలెత్తకుండానే అడిగాడు.

“ఎంత మందం వెయ్యాలమ్మా?”

“మోకాలి దాకా. తొక్కకు నాన్నా, వదులుగా ఉండాలి.”

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.