కోంబో తాత పడవలో నీళ్ళు

టాంగా ఊరి చివర సముద్రపు పాయ పక్కనున్న వీధిలో జైతునిని చూస్తేనే తలుపులు మూసుకునేవారు. యాభై రెండేళ్ళ ఆవిడ చేసిన పాపమల్లా, ఆరేళ్ళుగా ప్రతి గురువారం ఇంటింటికీ వెళ్ళి కొబ్బరిచిప్పల్లో, పాత టైర్లలో, పూలకుండీల కింది పళ్ళాల్లో నిలిచిన నీళ్ళు పారబోయించడం. భర్తను మలేరియా తీసుకుపోయాక, ఆరోగ్య కేంద్రం వాళ్ళు అడక్కుండానే వెళ్ళి ఆ పనికి పేరిచ్చింది.

వీధంతా ఒక ఎత్తు, కోంబో తాత ఒక్కడూ ఒక ఎత్తు. వేట మానేసి పదేళ్ళయినా, రేపోమాపో మళ్ళీ సముద్రం మీదికి పోతానంటూ పెరట్లో పడవను వెల్లకిలా ఉంచి, అంచుదాకా వాననీళ్ళు పట్టేవాడు. జైతుని గ్లాసుతో ముంచి, గిలగిలలాడే దోమ పురుగుల్ని చూపించేది. కళ్ళజోడు లేదనేవాడు. ఆవిడే లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చిస్తే, ఎండ కొడుతోందనేవాడు.

"ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు తాతా? ఆ నీళ్ళు తీసెయ్."

"తీస్తే పలకలు ఎండి విచ్చుకుంటాయే పిచ్చితల్లీ. ఎండిన పడవ పడవా? వంటచెరకు."

అది నిజమే. జైతుని తండ్రీ పడవవాడే. అందుకే ఆమెకు మరీ ఒళ్ళు మండేది.

ఆ ఏడు పెద్ద వానలకు డెంగీ వచ్చింది, వచ్చి వచ్చి జైతునికే. ఒళ్ళంతా విరిచేసినట్టయి ఎనిమిది రోజులు మంచం దిగలేదు. పలకరించడానికి కోంబో తాత కొబ్బరిబోండాలు పట్టుకొచ్చాడు. కాళ్ళు కడుక్కుని వస్తానని పెరట్లోకి వెళ్ళి, ఎంతకీ రాలేదు. వచ్చేసరికి చేతిలో గ్లాసుంది.

"అమ్మాయ్, ఇవాళ కళ్ళజోడు తెచ్చుకున్నాలే. ఇవి నీ నీళ్ళతొట్టిలోవి."

తొట్టి మూత పగిలి నెలయింది. ఊరివాళ్ళ తొట్లు చూసే హడావుడిలో తన తొట్టి సంగతే పట్టలేదు. జైతుని సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకుంది.

లేచి తిరగగానే ముందు తొట్టిని పీచుతో తోమి ఆరబెట్టి, కొత్త మూత చేయించింది. ఆ తర్వాత, తాతతో వాదించే ఓపిక లేక, చేపల చెరువు నుంచి ఒక బకెట్టు చేపపిల్లల్ని తెచ్చి పడవలో వదిలింది. పలకలు తడిగానే ఉన్నాయి. వారం తిరిగేసరికి పడవలో పురుగన్నది లేదు.

ఇప్పుడు కోంబో తాత దారినపోయేవాళ్ళను పిలిచి మరీ పడవ చూపిస్తున్నాడు, ఉపాయం తనదేనంటున్నాడు. ఆరేళ్ళు ఆవిడ మాట చెవిన పెట్టనివాళ్ళు ఆయన చెబితే తలలూపి, మాకూ చేపలు కావాలంటున్నారు. ఆ ఉపాయం తాతది కాదనడానికి జైతునికి నోరు దురద పెట్టింది. అయినా పళ్ళు కొరుక్కుంటూ, చెరువు దగ్గరికి ఇంకో రెండు బకెట్లకు కబురంపింది.